చావు తర్వాత కాగితం: ఫోనును అడగాలా, వకీలును అడగాలా?

(పల్లె కార్యకర్తల మండల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చాలావరకు అట్లాగే ఉంచాం.)

నాకిచ్చిన విషయం చావు తర్వాత సంగతి. మనిషి పోయినాక ఆ మనిషి వదిలిపోయిన ఎకరమో అరెకరమో, ఇంటి పట్టానో, బ్యాంకులో పడున్న నాలుగు డబ్బులో బతికున్నోళ్ళ పేరు మీదికి ఎట్లా రావాలి? ఈ పనికి ఇప్పుడు మన పల్లెల్లో రెండు దారులు చెబుతున్నారు. ఒకటి, టౌనుకు పోయి వకీలును పట్టుకోవడం. రెండోది, ఫోనులో ఏఐని అడగడం. చాట్‌జీపీటీ అంటున్నారు, జెమినై అంటున్నారు. తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది, అర్జీ రాసిపెడుతుంది, ఫీజు అడగదు. ఇంకా వకీలెందుకన్నా అని మొన్నొక తమ్ముడు అడిగాడు. ఆ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, వెనక వరసలో.

ఆ తమ్ముడి సంబరం నాకు అర్థమవుతుంది. మన తాతలకు ఎంత భూమి ఉందో మన తాతలకు తెలియదు, కరణానికి తెలుసు. అడంగల్లో ఎవరి పేరు ఎక్కించాడో, ఏ గట్టు ఎటు జరిపాడో చదివి చెప్పేవాడు వాడ మొత్తంలో ఒక్కడు లేడు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. కాగితం పెత్తనం మాత్రం రద్దు కాలేదు. ఎమ్మార్వో ఆఫీసు ముందు అర్జీలు రాసే బల్ల కాడికి, రిజిస్ట్రారాఫీసు దస్తావేజు లేఖరి కాడికి, మీసేవ కౌంటరు కాడికి అది నడిచిపోయింది. అన్ని చోట్లా మనం చేతులు కట్టుకొని "అయ్యా, ఇందులో ఏం రాసుంది" అని అడిగినోళ్ళమే. అట్లాంటిది, పదో తరగతి తప్పిన పిల్లోడు కోర్టు నోటీసును ఫొటో తీసి, ఫోను చేత తెలుగులో చదివించుకొని ఇంట్లోవాళ్ళకు వినిపిస్తున్నాడంటే అది చిన్న సంగతి కాదు. ఏఐ పేరెత్తితే ఎగతాళి చేసే వకీళ్ళను చూశాను. వాళ్ళ బాధ వేరే ఉంది, దాన్ని మనం మోయక్కర్లేదు.

వకీలు వృత్తి కూడా మనల్ని చూసి తలుపు తెరిచింది కాదు. ఇంగ్లండులో ఈ పని రెండు ముక్కలు. సొలిసిటరు కక్షిదారుతో కూర్చొని కాగితాలు తయారు చేస్తాడు, బారిష్టరు కోర్టులో నిలబడి వాదిస్తాడు. పోయినోళ్ళ వీలునామా నిజమైందేనని కోర్టు చేత ముద్ర వేయించుకోవడాన్ని ప్రొబేట్ అంటారు. అది అక్కడ ఎక్కువగా సొలిసిటర్లు చూసే పని. బొంబాయి హైకోర్టులో ఒరిజినల్ సైడు అనే భాగంలో కూడా తెల్లోళ్ళు ఈ పద్ధతే పెట్టారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1922లో లండనులో బారిష్టరయ్యాడు, 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. అక్కడ సొలిసిటరు కేసు తెచ్చిస్తేనే బారిష్టరుకు పని. అంటరాని బారిష్టరుకు ఏ సొలిసిటరు తెచ్చిస్తాడు? అంత చదువు చదివినవాడు అప్పీళ్ళ వైపూ జిల్లా కోర్టులకూ పోయి కేసులు వెతుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి వకీలంటే ధర్మప్రభువు, ఫోనంటే మాయ అని చెప్పడానికి నేను రాలేదు. రెండింటి దగ్గరా మనకు ఏం దొరుకుతుంది, ఏం పోతుంది అని లెక్క చూడాలి.

ముందు ఫోను సంగతి. మా పక్క మండలంలో ఒక తాపీమేస్త్రీ పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. ఊరు చెప్పను, ఆ ఇంటివాళ్ళు చెప్పొద్దన్నారు. బ్యాంకులో లక్షా ఎనభై వేలు ఉన్నాయి, నామినీ పేరు రాయలేదు. కొడుకు ఫోనును ఇంగ్లీషులో అడిగాడు, నాన్న పోయాడు డబ్బు ఎట్లా తీసుకోవాలని. వీలునామా ఉందా, ఎగ్జిక్యూటరు ఎవరు, ప్రొబేట్ కోర్టుకు పోవాలి అని పొడుగ్గా చెప్పింది. పిల్లోడు బెదిరిపోయాడు. టౌనులో ఒక ఆఫీసుకు పోతే పాతికవేలు అవుతుందన్నారు. తల్లి చెవుల కమ్మలు తాకట్టు పెట్టడానికి తీసింది.

ఎందుకట్లా చెప్పింది? అది ఎక్కువగా చదువుకున్నది ఇంగ్లండు, అమెరికా కాగితాలు. నువ్వు ఏ దేశమో, ఏ రాష్ట్రమో చెప్పకపోతే వాళ్ళ ఇంటి పద్ధతి నీకు చెప్పొచ్చు. మన పల్లెల్లో ప్రొబేట్ అక్కర్లేదు. ఆ నిబంధన 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్టు 213వ సెక్షన్లో ఉండేది. అది కూడా కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టుల పాత హద్దుల చుట్టూ తిరిగేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్నే తీసేసింది.

సంఘం పిల్లలు కూర్చొని మళ్ళీ అడిగించారు. ఇండియా, ఆంధ్రప్రదేశ్, వీలునామా లేదు, నామినీ లేడు, ఇంత డబ్బు, వారసుల మధ్య తగాదా లేదు అని అన్నీ చెప్పి అడిగారు. ఈసారి దారి మారింది. బ్యాంకులోనే క్లెయిము ఫారం ఉంటుంది, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసులందరి సంతకాలు పెట్టి ఇవ్వండి అంది. బ్యాంకు మేనేజరు మొదట కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు. ఏ రూలు ప్రకారమో రాసివ్వండి అని అర్జీ పెడితే (ఆ అర్జీ కూడా ఫోనే రాసింది, బాగా రాసింది) ఫారం తీసుకున్నాడు. కమ్మలు మళ్ళీ చెవులకెక్కాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. నామినీ ఉంటే ఎంత డబ్బయినా సక్సెషన్ సర్టిఫికెట్ అడగకూడదు. నామినీ లేకపోయినా, తగాదా లేకపోతే, మామూలు బ్యాంకుల్లో 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా సులువు పద్ధతిలోనే ఇవ్వాలి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. 2026 మార్చి 31 లోగా బ్యాంకులన్నీ దీన్ని అమల్లో పెట్టాలని గడువు పెట్టింది. ఇంకో సంగతి, నామినీ అంటే సొంతదారు కాదు. డబ్బు చేతికి తీసుకొని వారసులకు పంచాల్సిన మనిషి. నామినీగా మరిది పేరుందని వదినను బయటికి గెంటిన ఇళ్ళు నాకు తెలుసు.

అంటే ఇట్లాంటి పనికి వకీలు అక్కర్లేదు, ఫోనూ సంఘమూ చాలు. మరణం నమోదు కూడా అంతే. 21 రోజుల్లో చెబితే ఫీజు లేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఆర్డరు కావాలి. 2023లో చట్టం మార్చాక ఆ ఆర్డరు కోసం కోర్టుకు పోనక్కర్లేదు, కలెక్టరు, ఆర్డీవో లాంటి రెవెన్యూ మెజిస్ట్రేట్లు ఇస్తారు. పదకొండో రోజు దినాలకు అప్పు చేసి భోజనాలు పెడతాం, ఆ పత్రం కోసం మాత్రం మూడేళ్ళ తర్వాత పరిగెత్తుతాం. సర్లే, అది వేరే ప్రసంగం.

ఇప్పుడు అసలు చోటుకు వస్తున్నా.

ఫోను ఎవరి చేతిలో ఉంది? ఇంట్లో అందరి చేతుల్లో లేదు. కొడుకు చేతిలో ఉంది. ఆ కొడుకు "మా నాయన భూమి నా పేరు మీదికి మార్చమని ఎమ్మార్వోకు అర్జీ రాయి" అంటాడు. అది రాస్తుంది. "నేను ఏకైక వారసుడిని" అని రాయమంటే అదీ రాస్తుంది. పొయ్యి కాడ కూర్చున్న అక్కను అది చూడదు. అత్తగారింట్లో ఉన్న చెల్లెలిని అది చూడదు. మూలన మంచం మీద ఉన్న నాయనమ్మను అసలే చూడదు. అడిగినవాడు చెప్పిందే దాని ముందు ఉంటుంది.

ఒక మంచి వకీలు దగ్గరికి పోయినప్పుడు నేను విన్న మొదటి ప్రశ్న ఇది: "మీ అవ్వ బతికుందా?" కొడుకు బిత్తరపోయాడు. భూమి నాయనది గదా, అవ్వ సంగతెందుకన్నాడు. ఎందుకంటే 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో వీలునామా రాయకుండా పోయిన మగమనిషికి భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి, అందరూ మొదటి తరగతి వారసులే. సమానంగా. రెండున్నర ఎకరాలు ఆ మనిషి సొంత సంపాదన అనుకోండి. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తల్లి ఉన్నారు. అయిదు వాటాలు, తలా 50 సెంట్లు. మన పల్లెల్లో ఏం చేస్తాం? ఇద్దరు కొడుకులు ఎకరంపావు ఎకరంపావు పంచుకొని, కూతురికి చీర పెట్టి, అవ్వకు అటో పూట ఇటో పూట అన్నం పెడతాం. ఈ పంపకం మనువుది. అగ్రకులపోడు చేస్తే మనువాదం, మనింట్లో చేస్తే ఆచారమా?

కూతురి వాటా కోసమే బాబాసాహెబు హిందూ కోడు బిల్లు తెచ్చాడు. దాన్ని మూలన పడేశారని, ఆయన 1951లో మంత్రి పదవి వదులుకోవడానికి అదొక కారణమైంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985లో వచ్చింది, అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను వదిలేశారు. 2005లో దేశమంతటికీ వచ్చింది, పెళ్ళయినా కాకపోయినా. 2005 నాటికి తండ్రి బతికుండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. జై భీమ్ అనే నోటితో చెల్లెలి చేత హక్కు విడుదల కాగితం మీద వేలిముద్ర వేయిస్తున్నాం. ఆ కాగితం రాయడానికి ఇప్పుడు లేఖరి కూడా అక్కర్లేదు, ఫోను రెండు నిమిషాల్లో రాసిస్తోంది. నాకు భయం ఇక్కడ.

కోర్టులో అయితే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం వేసిన అర్జీలో దగ్గరి బంధువులందరి పేర్లూ చెప్పాలి, వాళ్ళకు నోటీసు పోతుంది. రావడానికి రెండు మూడు వాయిదాలు పట్టొచ్చు. కానీ ఆ నోటీసుతో చెల్లెలి ఇంటి తలుపు ఎవరో ఒకరు తట్టినట్టు అవుతుంది. తెలంగాణలో 2020 నాటి ధరణి చట్టంలో వారసులు ఒప్పంద కాగితం తెస్తే పాసుపుస్తకం మారేది, విచారణ లేదు. 2025లో భూభారతి చట్టం వచ్చాక నోటీసులివ్వాలి, విచారించాలి అన్నారు. ఆ చట్టాన్ని ఏప్రిల్ 14న మొదలుపెట్టారు, అంబేద్కర్ జయంతి రోజున. తేదీ బాగానే ఎంచుకున్నారు, విచారణ ఎట్లా జరుగుతుందో తెలంగాణ అన్నలు చూసి చెప్పాలి.

అందుకని అక్కలకు నేను చెప్పేదేమంటే, ఫోనును మీరు కూడా అడగండి. మీ ప్రశ్న మీరు అడగండి. "మా నాయన పోయాడు, మా అన్న నన్ను సంతకం పెట్టమంటున్నాడు, ఈ కాగితంలో ఏముంది, పెడితే నాకేం పోతుంది" అని అడగండి. అన్న అడిగిన ఫోనే చెల్లికి ఇంకో జవాబు చెబుతుంది. అక్షరం రాకపోతే నోటితో అడగొచ్చు. ఆ జవాబు పట్టుకొని వకీలు కాడికి పోండి, సంతకం పెట్టకముందే. చిన్నపిల్లలున్న తల్లులైతే మరీ జాగ్రత్త. మైనరు పిల్లల పేరున్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మలేదు, వదులుకోలేదు. 1956 నాటి గార్డియన్‌షిప్ చట్టం అట్లా చెబుతోంది.

రెండో చోటు మతం. ఈ సంగతి సభల్లో ఎవరూ మాట్లాడరు, మనం మాట్లాడదాం. మన ఇళ్ళల్లో ఆదివారం గుడికి పోతాం, కుల ధ్రువపత్రంలో హిందూ అని ఉంటుంది. ఎందుకుందో మనకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలను మన దగ్గర బీసీ-సీలో పెట్టారు, 1 శాతం. అంటరానితనం మాత్రం గుడి మారితే పోలేదు.

ఇప్పుడు ఫోను అడుగుతుంది, మీది ఏ మతం అని. కుర్రోడు క్రిస్టియన్ అని కొడతాడు. అప్పుడది ఇండియన్ సక్సెషన్ యాక్టు తీసి లెక్క చెబుతుంది. భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. పిల్లలుంటే తల్లికి ఏమీ లేదు. ఇందాకటి రెండున్నర ఎకరాల్లో భార్యకు 83 సెంట్ల పైన, ఒక్కో బిడ్డకు 55 సెంట్ల పైన, అవ్వకు సున్నా. ఒక్క మాటతో అవ్వ వాటా ఎగిరిపోయింది. అంతటితో ఆగదు. ఆ మాట అర్జీలోకెక్కి, ఎమ్మార్వో ఆఫీసు ఫైలులోనో కోర్టు రికార్డులోనో కూర్చుంటుంది. రేపు పిల్లోడి ఉద్యోగం మీద ఎవడన్నా ఫిర్యాదు చేసినప్పుడు, అట్రాసిటీ కేసులో అవతలి వకీలు అడ్డం తిరిగినప్పుడు, ఆ కాగితం బయటికొస్తుంది. ఏది రాయాలో ఇక్కడ నిలబడి నేను చెప్పలేను. ఒక్కో ఇంటి చరిత్ర ఒక్కో తీరు, అబద్ధం రాయమని చెప్పను. ఆ గడి నింపకముందు మాత్రం మనిషి దగ్గర కూర్చోండి. చట్టం తెలిసిన మనిషి, మన బతుకు తెలిసిన మనిషి అయితే మేలు.

మనిషి దగ్గర అని ఎందుకంటున్నానంటే, వకీలుకు చెప్పిన రహస్యాన్ని వకీలు బయట పెట్టకూడదని సాక్ష్యాల చట్టంలోనే ఉంది. పాత చట్టంలోనూ ఉంది, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ఫోనుకు చెప్పినదానికి ఆ కాపు లేదు. ఆధారు కార్డు, పాసుపుస్తకం ఫొటోలు ఫోనులో పెట్టి "చూసి చెప్పు" అంటున్నారు పిల్లలు. నెంబర్లు కొట్టేసి పెట్టండి. పేర్లు తీసేసి అడగండి. సర్వే నెంబరు లేకుండానే చట్టం చెబుతుంది అది.

మూడోది ఎసైన్డ్ భూమి. మన చేతుల్లో ఉన్న భూమిలో చాలా భాగం అదే గదా, డీకేటీ పట్టాలు, లావుణీ పట్టాలు. 1977 చట్టం ప్రకారం ఆ భూమి వారసులకు వస్తుంది, అమ్మడానికి లేదు. ఆంధ్రలో 2023లో చట్టం మార్చి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన వ్యవసాయ భూమి మీద పట్టాదారుకో వారసులకో అమ్ముకునే హక్కు ఇచ్చారు. దళారులు మూగారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఇట్లా ఏటికో తీరు మారే చోట ఫోను చెప్పే జవాబు ఏ ఏటి జవాబు? ఒక్కోసారి పాత సంగతిని కూడా ఈ పూట సంగతి అన్నంత ధీమాగా చెబుతుంది. తెలియని చోట కూడా ఒక్కోసారి తెలిసినట్టే మాట్లాడుతుంది. మన పల్లెల్లో అట్లాంటి పెద్దమనుషులు లేకపోలేదు, వాళ్ళ మాట మనం ఎంతవరకు వింటామో దాని మాటా అంతవరకే వినాలి. వారసత్వం కోసం పోయి అమ్మకం కాగితం మీదో, దానం కాగితం మీదో వేలిముద్ర వేస్తే తాత సంపాదించి పెట్టిన పట్టాకే ఎసరు.

దాని ధీమాకు వకీళ్ళే బోల్తా పడ్డారు. 2023లో న్యూయార్కులో ఇద్దరు వకీళ్ళు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను కోర్టులో దాఖలు చేశారు. అట్లాంటి తీర్పులే లేవు, అది అల్లి చెప్పింది. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశాడు. మన దేశంలో కేరళ హైకోర్టు 2025 జూలైలో కింది కోర్టులకు నియమాలు పెట్టింది, ఏఐతో తీర్పులు తేల్చకూడదని. అందుకే ఫోను ఒక సెక్షను నెంబరు చెబితే, తీర్పు పేరు చెబితే, దాన్ని అర్జీలో ఎక్కించకముందు ఇంకో చోట సరిచూసుకోవాలి.

వకీలు తప్పు చేస్తే? బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, 1961 నాటి అడ్వొకేట్ల చట్టంలో ఆ దారి ఉంది. వినియోగదారుల కోర్టుకు మాత్రం పోలేమని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. వకీళ్ళ మీద పట్టు అంత గట్టిదేం కాదు. కానీ ఒక పేరుంది, ఒక ఎన్‌రోల్‌మెంటు నెంబరుంది, వకాలత్ మీద సంతకముంది. ఫోను చెప్పిన మాట నమ్మి భూమి పోతే ఎవరి మీద పోతావు?

"అన్నా, ఇదంతా సరే, వకీలుకు డబ్బులేవి" అంటారు. ఈ ప్రసంగంలో మీరు ఇంటికి పట్టుకుపోవాల్సిన మాట ఇదే కాబట్టి నెమ్మదిగా చెబుతాను. 1987లో న్యాయసేవల చట్టం చేశారు, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. అందులో 12వ సెక్షను చూడండి. ఎస్సీ ఎస్టీ మనిషికి, ఆడమనిషికి, పిల్లలకు, వికలాంగులకు, వెట్టికి గురైనోళ్ళకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఉచితంగా వకీలునివ్వాలి. ఆదాయ పరిమితి వేరేవాళ్ళకు ఉంది, ఎస్సీలకు లేదు, ఆడవాళ్ళకు లేదు. తెల్ల రేషను కార్డు చూపించక్కర్లేదు. వకీలు ఫీజే కాదు, కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, నకళ్ళ ఖర్చు కూడా వాళ్ళే చూసుకోవాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, కింది కోర్టుల దగ్గర మండల న్యాయసేవల కమిటీ ఉంటుంది. ఫోను నెంబరు 15100. ఆ నెంబరు గోడ మీద రాయండి, బాబాసాహెబు బొమ్మ పక్కనే రాయండి.

దీన్ని ఎవరూ చెప్పరు. టౌనులో వకీలు చెప్పడు, ఎందుకు చెబుతాడు? ఆఫీసులో గుమాస్తా చెప్పడు. విచిత్రమేమంటే ఫోనును అడిగితే చెబుతుంది. అడగాలని మనకు తెలియాలి గదా.

ఉచిత వకీలంటే గొప్పగా ఉంటుందని కాదు. వాళ్ళకు ప్రభుత్వమిచ్చే ఫీజు తక్కువ, కొందరు వాయిదాకు రారు, కొందరు "ఖర్చులకివ్వండి" అని చెయ్యి చాపుతారు. అట్లా అడగకూడదు. అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి కాగితం పెట్టండి, ఆ కార్యదర్శి ఒక జడ్జి. వకీలును మార్చమని అడగొచ్చు. ఆ కాగితం ఫోను చేత రాయించండి, మొహమాటం లేకుండా రాస్తుంది. వకీలు కాడికి పోయేటప్పుడు కూడా ఫోనును వాడుకోండి. మా కేసు ఇది, వకీలును ఏమేం అడగాలి, ఏ కాగితాలు తీసుకుపోవాలి అని ముందు రోజు రాత్రే అడిగి రాసుకోండి. నోరు విప్పడానికి మనకు అలవాటు లేదు, చేతిలో ప్రశ్నలుంటే విప్పగలం. వకీలు రాసిన అర్జీని సంతకానికి ముందు ఫోను చేత తెలుగులో చదివించండి. ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో వినండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇది మరీ ముఖ్యం. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తుంది, అయితే దాని మీద అప్పీలు లేదు.

వీలునామా గురించి ఒక చిన్న మాట చెప్పి ఆపుతాను, ఇందాక ఒక పెద్దాయన అడిగాడు. ఫోను రాసిన వీలునామా చెల్లుతుందా అని. ఎవరు రాశారన్నది లెక్కలో లేదు. రాయించుకున్న మనిషి సంతకమో వేలిముద్రో వేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండి సంతకాలు చేయాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేయించుకుంటే బలం. సాక్షులుగా భూమి వచ్చేవాళ్ళను పెట్టొద్దు, రేపు అనుమానం వస్తుంది. మీకంటే వయసులో చిన్నవాళ్ళను పెట్టుకోండి, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సింది వాళ్ళే. కూతురికి ఏమీ రాయకుండా వీలునామా పెట్టాలని ఎవరన్నా అనుకుంటుంటే ఆ రాత సాయానికి సంఘం రాదు, అది ముందే చెబుతున్నా.

భోజనాలయ్యాక ఇక్కడే ఉండండి. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు కిటికీ పక్క బల్ల కాడికి రండి, ఇద్దరు మన వకీళ్ళున్నారు, ఫోన్లు పట్టుకొని సంఘం పిల్లలు నలుగురున్నారు. ముందు వాడల నుంచి వచ్చిన ఆడవాళ్ళవి చూస్తాం. అన్నలు కాస్త ఆగాలి.

జై భీమ్.